ఏ ఇంటి పద్ధతి ఆ ఇంటిది: ప్రోగ్రాం రాతకు నియమాలు వచ్చిన కథ

పదవ తరగతి విద్యార్థిని, హోసూరు ప్రాంతం

మా తెలుగు అయ్యవారు వ్యాసాలు దిద్దేటప్పుడు ఒక్క విషయంలో మాత్రం అస్సలు వదిలిపెట్టరు. 'వ్రాశాడు' అని పెట్టినా ఆయనకు ఒప్పే, 'రాశాడు' అని పెట్టినా ఒప్పే. 'పుస్తకము' అన్నా ఊరుకుంటారు, 'పుస్తకం' అన్నా ఊరుకుంటారు. కానీ ఒకే వ్యాసంలో పైన ఒకటి, కింద ఇంకొకటి కనబడితే ఎర్ర సిరాతో సున్నా చుడతారు. "రెండూ తప్పు కాదు. కానీ చదివేవాడు అక్కడ ఒక్క క్షణం ఆగుతాడు కదా. వాణ్ణి ఎందుకు ఆపడం?" అంటారు.

ఈ మాటకు కంప్యూటరుకు సంబంధం ఉందని పోయిన సంవత్సరం వరకు నాకు తెలియదు. నేను చేసిన ఒక తప్పు వల్ల తెలిసింది. ఆ తప్పు గురించి చెబుతూ, ప్రోగ్రాములు రాసేవాళ్ళకు ఈ నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఒకటి కంటే ఎక్కువ పనులు చేతిలో ఉన్నప్పుడు వాటిని ఎలా పాటిస్తారో ఈ వ్యాసంలో చెప్పాలనుకుంటున్నాను.

మా ల్యాబ్‌లో జరిగింది

కంప్యూటరుకు వరుసగా ఇచ్చే ఆదేశాలను ప్రోగ్రాం అంటారు. ఆ రాతకే కోడ్ అని పేరు. పోయిన సంవత్సరం మా ల్యాబ్‌లో మూడు జట్లుగా మూడు ప్రోగ్రాములు పైథాన్ భాషలో రాశాం. ఒకటి గ్రంథాలయం పుస్తకాల లెక్క. అది నాది. రెండోది క్రీడా దినోత్సవం పాయింట్ల లెక్క. అది నా స్నేహితురాలిది. మూడోది ఈ పత్రికకు వచ్చే వ్యాసాల పట్టిక. మూడింటినీ ఒకే కంప్యూటరులో పెట్టి, ఒకే తెర మీద నుంచి నడిచేలా చేసే పని నాకు అప్పగించారు.

నా ప్రోగ్రాంలో ప్రతి లోపలి వరుస ముందు నాలుగు ఖాళీలు వదిలాను. ఆమె ట్యాబ్ మీట నొక్కింది. నేను పేర్లన్నీ ఇంగ్లీషులో పెట్టాను. ఆమె జట్టు, పాయింట్లు, మొత్తం అని మన మాటలనే ఇంగ్లీషు అక్షరాలతో పెట్టింది. ఆమె వరుసలు కొన్ని తెచ్చి నా దాంట్లో అతికించగానే పైథాన్ నడవనంది. ట్యాబ్‌లు, ఖాళీలు కలిసిపోయాయని తప్పు చూపించింది. నాకు కోపం వచ్చింది. పైథాన్‌కు ఒక నియమాల పత్రం ఉందని, నాలుగు ఖాళీలే సరైనవని ఎక్కడో చదివాను. ఆ ధైర్యంతో ఒక శుక్రవారం సాయంత్రం కూర్చుని ఆమె ప్రోగ్రాం మొత్తం నా పద్ధతిలోకి మార్చేశాను. ఖాళీలు మార్చాను, పేర్లు మార్చాను. ఆమెను అడగలేదు.

మరుసటి రోజు కబడ్డీ ఆట ముగిసింది. ఆమె వచ్చి ఆ పాయింట్లు ఎక్కించింది. పాత అలవాటుతో పాత పేరే పెట్టింది. పైథాన్‌లో ఒక కొత్త పేరుకు విలువ ఇస్తే అది మనల్ని ఏమీ అడగదు. కొత్త డబ్బా ఒకటి తెరిచి అందులో వేసుకుంటుంది. కబడ్డీ పాయింట్లు ఆ కొత్త డబ్బాలో పడ్డాయి, మొత్తంలో చేరలేదు. సోమవారం ప్రార్థనలో ఎర్ర జట్టుకు రెండో స్థానం అని చదివారు. నిజానికి మొదటి స్థానం వాళ్ళది. అందరూ నా స్నేహితురాలి వైపు చూశారు. ఆమె నా దగ్గరికి వచ్చి, "ఇది నేను రాసింది కాదు. ఇక నువ్వే చూసుకో" అని వెళ్ళిపోయింది. రెండు వారాలు ల్యాబ్‌కు రాలేదు.

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా పెద్దనాన్న కొడుకు ఆ ఆదివారం ఇంటికి వచ్చాడు. జరిగింది చెప్పాను. అన్న నవ్వలేదు. "వేరేవాళ్ళ ఇంటికి పోయి, వాళ్ళ వంటింట్లో డబ్బాలన్నీ నీ ఇష్టం వచ్చినట్టు సర్దేసి వస్తావా చెల్లీ? మరుసటి రోజు ఆ ఇంటావిడ ఉప్పు అనుకుని చక్కెర వేస్తే తప్పు ఎవరిది?" అన్నాడు. తర్వాత ఈ నియమాల చరిత్ర చెప్పడం మొదలుపెట్టాడు. నేను కూడా కొంత చదివాను. అది ఇది.

నియమం పెట్టింది యంత్రం

మొదట్లో ప్రోగ్రాం రాయడమంటే అట్ట కార్డులకు చిల్లులు పెట్టడమే. 1890లో అమెరికా జనాభా లెక్కల కోసం హెర్మన్ హోలరిత్ అనే ఆయన చిల్లుల కార్డులను లెక్కపెట్టే యంత్రం వాడాడు. 1928లో ఐబీఎం కంపెనీ ఒక్కో కార్డులో 80 నిలువు గడులు ఉండేలా మార్చింది. ఒక గడిలో ఒక అక్షరం. అంటే ఒక కార్డు ఒక వరుస, ఆ వరుసలో 80 అక్షరాలు.

1957లో ఐబీఎంలో జాన్ బేకస్ బృందం ఫోర్ట్రాన్ భాషను బయటికి తెచ్చింది. అందులో ఏ గడిలో ఏం ఉండాలో భాషే చెప్పేసింది. 1 నుంచి 5 గడులు వాక్యం సంఖ్యకు. 6వ గడి, పై వాక్యం ఇంకా కొనసాగుతోందని చెప్పే గుర్తుకు. 7 నుంచి 72 వరకు అసలు ఆదేశం. 73 నుంచి 80 వరకు ఏం ఉన్నా యంత్రం పట్టించుకోదు. ఎందుకు 72? ఆ కాలపు ఐబీఎం 704 యంత్రం 36 బిట్ల ముక్కలు రెండేసి చొప్పున కార్డును చదివేది. రెండు ముప్పై ఆర్లు డెబ్బై రెండు. అంతే కారణం.

మిగిలిన ఎనిమిది గడులను మనుషులు వృథా చేయలేదు. వాటిలో కార్డు వరుస సంఖ్య వేసుకునేవారు. వందల కార్డుల కట్ట చేజారి నేల మీద పడితే, ఆ సంఖ్యలను బట్టి మళ్ళీ పేర్చుకోవచ్చు. ఇది నాకు చాలా నచ్చింది. యంత్రానికి అక్కరలేని చోటును మనిషి తన కోసం వాడుకున్నాడు. రాత పద్ధతి అనేది అక్కడే పుట్టిందని నాకనిపిస్తుంది.

కార్డులు పోయి తెరలు వచ్చాయి. 1978లో వచ్చిన, చాలా పేరున్న వీటీ 100 అనే తెరలో కూడా మామూలుగా వరుసకు 80 అక్షరాలే. కార్డు పోయినా దాని కొలత పోలేదు.

స్వేచ్ఛ వచ్చింది, తగాదా వచ్చింది

1960లో ఆల్గాల్ 60 భాష వచ్చింది. ఆ దారిలో వచ్చిన చాలా భాషల్లో ఖాళీలు ఎన్ని వదిలినా, వరుస ఎక్కడ విరిచినా యంత్రానికి ఒకటే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తయారు చేసిన సి భాష కూడా అలాంటిదే. అందులో కొన్ని ఆదేశాలను ఒక గుంపుగా చేయాలంటే ఫ్లవర్ బ్రాకెట్ల మధ్య పెడతారు. ఆ బ్రాకెట్‌ను పై వరుస చివర పెట్టాలా, కొత్త వరుసలో పెట్టాలా? లోపలి వరుసలను ఎంత లోపలికి జరపాలి? యంత్రానికి పట్టదు కాబట్టి మనుషులు ఎవరి ఇష్టం వాళ్ళు అన్నారు.

మరి యంత్రానికే పట్టనప్పుడు మనకెందుకు అని మీరు అడగవచ్చు. మా నాన్న రాగిని గొర్రుతో సాళ్ళుగా విత్తుతాడు. ఊరికే చల్లినా రాగి మొలుస్తుంది. కానీ సాళ్ళు సమానంగా ఉంటేనే తర్వాత గుంటక తోలి కలుపు తీయడానికి వీలవుతుంది. సాలు విత్తనానికి అవసరం లేదు. తర్వాత చేలోకి దిగేవాళ్ళకు అవసరం. ప్రోగ్రాం కూడా అంతే. ఒకసారి రాసి వదిలేది కాదు. నెల తర్వాతో, సంవత్సరం తర్వాతో ఎవరో ఒకరు అందులోకి దిగి బాగు చేయాలి.

ఈ విషయాన్ని ముందుగా గట్టిగా చెప్పినవాళ్ళలో బ్రయాన్ కెర్నిహన్, పి.జె. ప్లాగర్ ఇద్దరు. 1974లో వాళ్ళు ప్రోగ్రాం రాత శైలి మీద ఒక చిన్న పుస్తకం రాశారు. అప్పటికే అచ్చైన పుస్తకాల్లోని ప్రోగ్రాములనే తీసుకుని, వాటిని ఇంకా స్పష్టంగా ఎలా రాయవచ్చో చూపించారు. 1978లో కెర్నిహన్, రిచీ కలిసి సి భాష మీద పుస్తకం రాశారు. బ్రాకెట్ ఎక్కడ పెట్టాలనేది అంత పెద్ద విషయం కాదని, ఉన్న పద్ధతుల్లో తాము ఒకటి ఎంచుకున్నామని, ఎవరైనా ఒకటి ఎంచుకుని దాన్నే విడవకుండా పాటించాలని వాళ్ళు చెప్పారు. మా అయ్యవారు చెప్పేది కూడా ఇదే!

అయినా తగాదా ఆగలేదు. రిచర్డ్ స్టాల్మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టులో రెండు ఖాళీలు లోపలికి జరపాలి, బ్రాకెట్ కొత్త వరుసలో ఉండాలి. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్‌లో ట్యాబ్ వాడాలి, ఆ ట్యాబ్ ఎనిమిది అక్షరాల వెడల్పు ఉండాలి. లినక్స్ నియమాల పత్రం మొదట్లోనే ఒక హాస్యం ఉంది. గ్నూ నియమాలను అచ్చు తీసి, చదవకుండా తగలబెట్టమని టోర్వాల్డ్స్ సలహా ఇస్తాడు. కానీ ఆ పత్రంలో ఒక మంచి కారణం కూడా ఉంది. ఎనిమిది అక్షరాల చొప్పున జరిపితే, మూడు మెట్లు దాటేసరికి వరుస బాగా కుడివైపుకు జరిగిపోతుంది. అప్పుడే మనకు ప్రోగ్రాం మరీ చిక్కుపడిందని, దాన్ని విడగొట్టాలని తెలుస్తుంది. అంటే ఆ ఇంటి నియమానికి ఆ ఇంటి అవసరం ఉంది.

విచిత్రం ఏమిటంటే, గ్నూ పరికరాలతోనే లినక్స్ తయారవుతుంది. రెండూ కలిసే మన కంప్యూటర్లలో నడుస్తాయి. రెండిళ్ళ రాత పద్ధతులు ఎప్పుడూ ఒకటి కాలేదు. అయినా రెండిళ్ళ పనీ ఆగలేదు.

పేర్ల విషయంలో కూడా ఇలాంటి కథ ఉంది. హంగేరీలో పుట్టిన ఛార్లెస్ సిమొన్యీ మైక్రోసాఫ్ట్‌లో పనిచేశాడు. ప్రతి పేరు ముందు అది ఎలాంటి విలువో చెప్పే ఒకటి రెండు అక్షరాలు పెట్టే పద్ధతి ఆయనది. దానికి హంగేరియన్ పద్ధతి అని పేరు వచ్చింది. విండోస్‌లో అది ఎంతో వాడారు. తర్వాత అదే మైక్రోసాఫ్ట్ తన డాట్‌నెట్ నియమాల్లో ఆ పద్ధతి వద్దంది. ఒక ఇంట్లోనే కాలాన్ని బట్టి నియమం మారుతుందన్నమాట.

పైథాన్ చెప్పిన మాట

1991లో గైడో వాన్ రాసమ్ పైథాన్‌ను బయటికి వదిలాడు. ఇందులో గుంపు చేయడానికి ఫ్లవర్ బ్రాకెట్లు ఉండవు. లోపలికి జరిగిన వరుసలన్నీ ఒక గుంపు. అంటే చదివేవాళ్ళ కోసం వదిలే ఖాళీయే ఇక్కడ యంత్రానికి కూడా అర్థం అయింది. అందుకే నా ట్యాబ్‌ల, ఖాళీల కలగలుపును అది ఒప్పుకోలేదు.

2001లో పైథాన్‌కు 'పెప్ 8' అనే నియమాల పత్రం వచ్చింది. నాలుగు ఖాళీలు, వరుసకు 79 అక్షరాలు అని ఉన్నది దాంట్లోనే. నేను శుక్రవారం నాడు పట్టుకున్న ధైర్యం ఆ పత్రమే. అన్న దాన్ని తెరిచి నాతో మొదటి నుంచి చదివించాడు. చదివేకొద్దీ నా ముఖం చిన్నబోయింది.

ఆ పత్రం ఏమంటుందంటే, దాని నియమాలు పాటించడం మంచిదే. కానీ ఒక ప్రాజెక్టు లోపల ఒకే పద్ధతి ఉండడం అంతకంటే ముఖ్యం. ఒక ఫైలు లోపల, ఒక భాగం లోపల ఒకే పద్ధతి ఉండడం అన్నిటికంటే ముఖ్యం. ఒక ప్రాజెక్టుకు తన సొంత నియమాలు ఉంటే, అక్కడ వాటి మాటే చెల్లుతుంది. ఇంకా ఉంది. ఖాళీలే మేలని చెబుతూనే, ముందు నుంచి ట్యాబ్‌లతో ఉన్న కోడ్‌లో ట్యాబ్‌లే కొనసాగించమంటుంది.

నా స్నేహితురాలి ఫైలు మొదటి నుంచి చివరి దాకా ట్యాబ్‌లతోనే ఉంది. నేను ఏ పత్రం పేరు చెప్పి దాన్ని మార్చానో, ఆ పత్రం ఆమె పక్షానే ఉంది.

రాత పద్ధతి దాచిన తప్పు

అలా అని నియమాలు ఉత్త అలంకారం అనుకోకూడదు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ఐఫోన్ల కోసం తొందరగా ఒక దిద్దుబాటు విడుదల చేసింది. దానికి ప్రపంచమంతా 'గోటో ఫెయిల్' తప్పు అని పేరు పెట్టింది. మనం బ్యాంకు లాంటి భద్రమైన సైటుకు పోయినప్పుడు, అవతల ఉన్నది నిజంగా ఆ సైటేనా అని ఫోను పరీక్షిస్తుంది. ఆ పరీక్ష రాసిన చోట, పరీక్ష తప్పితే బయటికి దూకు అనే వరుస పొరపాటున రెండుసార్లు పడింది. రెండూ ఒకే అంత లోపలికి జరిగి ఉన్నాయి. చూస్తే రెండూ ఆ 'తప్పితే' కిందే ఉన్నట్టు కనిపిస్తాయి. కానీ ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టలేదు కాబట్టి, సి భాష లెక్కలో మొదటి వరుస మాత్రమే 'తప్పితే' కిందికి వస్తుంది. రెండోది ప్రతిసారీ నడుస్తుంది. అందువల్ల అసలు ముఖ్యమైన పరీక్ష జరగకుండానే, అంతా బాగుందని ఫోను ఒప్పేసుకుంది. ఒకే వైఫై మీద ఉన్న దొంగ ఎవరైనా మధ్యలో దూరడానికి వీలు దొరికింది.

ఒక్క వరుసకైనా బ్రాకెట్లు పెట్టాలనే నియమం అక్కడ ఉండి ఉంటే, ఆ రెండో వరుస బ్రాకెట్ల లోపల పడి హాని లేకుండా పోయేది. బయట పడి ఉంటే చూడగానే కంటికి తగిలేది. కంటికి కనిపించేది ఒకటి, యంత్రానికి అర్థమయ్యేది ఇంకొకటి కావడమే ఇక్కడి ప్రమాదం. తర్వాత 2016లో వచ్చిన జీసీసీ 6లో ఇలాంటి మోసపుచ్చే జరుపు కనబడితే హెచ్చరించే ఏర్పాటు చేశారు. జీసీసీ అంటే సి ప్రోగ్రాములను యంత్ర భాషలోకి మార్చే సాధనం.

తగాదా తీర్చిన యంత్రం

నియమం అవసరం, కానీ నియమం మీద తగాదా కూడా తప్పదు. దీనికి ఉపాయం 2009లో గూగుల్ బయటపెట్టిన గో భాషలో కనిపిస్తుంది. దాన్ని తయారు చేసినవాళ్ళు రాబర్ట్ గ్రీసెమర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్. భాషతో పాటే 'గోఫ్మ్ట్' అనే సాధనం ఇచ్చారు. మనం ఎలా రాసినా అది ఒకే తీరుగా సర్దేస్తుంది. అందులో మార్చుకోవడానికి అవకాశం దాదాపు లేదు. దాని పద్ధతి ఎవరికీ ప్రత్యేకంగా నచ్చకపోయినా, ఆ సాధనం మాత్రం అందరికీ నచ్చుతుందని రాబ్ పైక్ చెప్పాడు. ఎందుకంటే తగాదా పోయింది. నీ పద్ధతి గెలవలేదు, నా పద్ధతీ గెలవలేదు.

తర్వాత సి కుటుంబం భాషలకు క్లాంగ్ ఫార్మాట్, 2017లో జావాస్క్రిప్ట్‌కు ప్రెట్టియర్, 2018లో పైథాన్‌కు బ్లాక్ వచ్చాయి. క్లాంగ్ ఫార్మాట్‌లో ఒక విశేషం ఉంది. అది లోకమంతటికీ ఒకే పద్ధతి అనలేదు. గూగుల్ పద్ధతి, మొజిల్లా పద్ధతి, వెబ్‌కిట్ పద్ధతి, గ్నూ పద్ధతి అని చాలా ఇళ్ళ అలవాట్లను పేర్లతో సహా తన లోపలే పెట్టుకుంది. ఏ ఇంటికి పోతే ఆ ఇంటి పేరు చెబితే చాలు.

చాలా ఇళ్ళు, ఒక మనిషి

ఇప్పుడు అసలు ప్రశ్న. అన్నలాంటివాళ్ళు ఒకే రోజులో మూడు నాలుగు ప్రాజెక్టుల్లో పనిచేస్తారు. ఒకదాంట్లో రెండు ఖాళీలు, ఒకదాంట్లో నాలుగు, ఇంకోదాంట్లో ట్యాబ్. గూగుల్ ఒక్క కంపెనీలోనే చూడండి. వాళ్ళు అందరికీ తెలిసేలా ఉంచిన నియమాల్లో సి ప్లస్ ప్లస్‌కు రెండు ఖాళీలు, వరుసకు 80 అక్షరాలు. జావాకు రెండు ఖాళీలు, కానీ 100 అక్షరాలు. గో భాషలో ట్యాబ్. గూగుల్ ఇంజనీరే అయినా లినక్స్‌కు ఒక మార్పు పంపాలంటే లినక్స్ పద్ధతిలోనే పంపాలి. ఇవన్నీ తలలో పెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. దీనికి వాళ్ళు చేసే పనులు నాకు అర్థమైనంత వరకు ఇవి.

మొదటిది, నియమాన్ని మనిషి తలలో కాదు, ప్రాజెక్టు గడప దగ్గరే రాసి పెట్టడం. 'ఎడిటర్‌కాన్ఫిగ్' అనే చిన్న ఫైలు అలాంటిది. ఇక్కడ ట్యాబా ఖాళీయా, ఎన్ని ఖాళీలు, వరుస చివర ఏ గుర్తు అని అందులో ఉంటుంది. ఫోల్డరు తెరవగానే చాలా ఎడిటర్లు దాన్ని చదువుకుని ఆ ఇంటి పద్ధతిలోకి మారిపోతాయి. వరుస చివరి గుర్తు కూడా చిన్న విషయం కాదు. పాత టెలిటైపు యంత్రంలో బండిని వెనక్కి తేవడం ఒక గుర్తు, కాగితాన్ని పైకి జరపడం ఇంకో గుర్తు. విండోస్ ఆ రెండింటినీ ఉంచుకుంది, యూనిక్స్ ఒకటే ఉంచుకుంది. ఇద్దరు ఒకే ఫైలులో పనిచేస్తే ఏమీ మార్చకపోయినా వరుసలన్నీ మారినట్టు కనబడటానికి ఇదొక కారణం.

రెండోది, సర్దే పని యంత్రానికి ఇవ్వడం. పంపే ముందు యంత్రమే పరీక్షిస్తుంది. ఖాళీ ఎక్కువైందని మనిషి మనిషికి చెబితే నొప్పి కలుగుతుంది. యంత్రం చెబితే ఎవరూ బాధపడరు.

మూడోది, పాత కోడ్‌ను మొత్తంగా మార్చాలనుకుంటే అందరినీ అడిగి, ఆ పని ఒక్కటే విడిగా చేయడం. దీని వెనుక పెద్ద కారణం ఉంది. టోర్వాల్డ్స్ 2005లో మొదలుపెట్టిన గిట్ అనే సాధనం, ఏ వరుసను చివరగా ఎవరు, ఎప్పుడు మార్చారో గుర్తుపెట్టుకుంటుంది. ఉత్త ఖాళీలు మార్చినా సరే, ఆ వరుసల పక్కన మార్చినవాళ్ళ పేరే కనబడుతుంది. అసలు కష్టపడి రాసినవాళ్ళ పేరు కిందికి పోతుంది. ఈ బాధ చాలామందికి ఉండబట్టే, 2019లో గిట్ ఒక వీలు కల్పించింది. ఫలానా మార్పు ఉత్త సర్దుబాటు మాత్రమే, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని ఒక జాబితాలో రాసి పెట్టవచ్చు. అప్పుడు అసలు రాసినవాళ్ళ పేరే మళ్ళీ కనిపిస్తుంది.

ఇది అన్న చెప్పినప్పుడు నా స్నేహితురాలు అన్న మాట గుర్తొచ్చింది. "ఇది నేను రాసింది కాదు." మా దగ్గర గిట్ లేదు. కానీ ఆమె పేరును ఆమె పని మీద నుంచి తీసేసింది నేనే.

పాత నియమమైనా పట్టుకుని వేలాడాలని కూడా కాదు. 1928 నాటి కార్డు కొలత లినక్స్‌లో చాలా ఏళ్ళు హెచ్చరికగా ఉండేది. 80 దాటితే వాళ్ళ పరీక్షించే సాధనం అరిచేది. 2020లో ఆ హెచ్చరికను 100కు పెంచారు. 80 లోపు ఉంటే మంచిదనే మాట మాత్రం పత్రంలో ఉంచారు. అవసరం తీరిన నియమాన్ని ఆ ఇంటివాళ్ళే కూర్చుని మాట్లాడుకుని సడలించారు. బయటినుంచి వచ్చి ఎవరూ మార్చలేదు.

మేము చేసుకున్న ఒప్పందం

నేను స్నేహితురాలి ఇంటికి పోయి క్షమాపణ అడిగాను. ఆ మరుసటి రోజు ప్రార్థనలో కబడ్డీ లెక్క తప్పడానికి కారణం నేనని చెప్పాను. ఎర్ర జట్టుకు మొదటి స్థానం మళ్ళీ చదివారు. ఆమె వెంటనే మాట్లాడలేదు కానీ, ల్యాబ్‌కు వచ్చింది.

తర్వాత మూడు జట్లూ కూర్చుని మాట్లాడుకున్నాం. ఆమె ఫైలును పాత ప్రతి నుంచి తిరిగి తెచ్చాం. ట్యాబ్‌లు, జట్టు, పాయింట్లు, మొత్తం అనే పేర్లు అలాగే ఉన్నాయి. పైథాన్‌లో ఒక ఫైలు ట్యాబ్‌లతో, ఇంకో ఫైలు ఖాళీలతో ఉన్నా కలిసి నడుస్తాయి. ఒకే ఫైలులో కలగాపులగం చేస్తేనే గొడవ. మూడింటినీ కలిపే నాలుగో ఫైలుకు మాత్రం చేతులెత్తి ఓటు వేసి నాలుగు ఖాళీలు అని నిర్ణయించాం. ప్రతి ఫైలు మొదటి వరుసల్లో ఈ ఇంటి పద్ధతి ఇది అని రాసి పెట్టాం. వచ్చే సంవత్సరం మేము ఉండం. తొమ్మిదో తరగతి వాళ్ళు వాటిని తెరిచినప్పుడు తికమక పడకూడదు.

ముగింపు

మా ఊళ్ళో మేము ఇంట్లో తెలుగు, బస్సులో తమిళం, బెంగళూరులో మామయ్య వాళ్ళ ఇంటికి పోతే వీధిలో కన్నడం మాట్లాడతాం. ఎక్కడికి పోతే అక్కడి తీరు నేర్చుకుంటాం. దానివల్ల మా ఇంటి తెలుగు తప్పు అయిపోదు. ఎవరైనా వచ్చి మా అవ్వ మాటలను 'సరిచేస్తాం' అంటే మాకు ఎంత కష్టంగా ఉంటుందో మాకు బాగా తెలుసు. అయినా నేను నా స్నేహితురాలికి అదే చేశాను.

నియమం ఉండాలి. అది తర్వాత చదివేవాళ్ళ కోసం ఉండాలి. ఒక ఇంట్లో ఒకటే ఉండాలి. కానీ ఆ నియమం ఆ ఇంటివాళ్ళది. మార్చాలంటే ముందు తలుపు తట్టాలి.

చివరగా ఒక మాట. ఈ వ్యాసం మొత్తంలో నేను 'రాయడం' అనే రాశాను. అయ్యవారు సున్నా చుట్టడానికి చోటు దొరకదనే నమ్మకంతో ముగిస్తున్నాను.